ఉచితమే గానీ, అందేదెలా?
(ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

ఈ నెల ఉత్తరాల్లో 'ఇదేం రోగం' అని అడిగినవి తక్కువ. ఉచితమని చెప్పిన మందు, డబ్బు, ఆపరేషన్ మా దాకా ఎందుకు రాలేదని అడిగినవే ఎక్కువ. సర్కారు మందుకు ఖరీదు లేదు. దానికోసం పోగొట్టుకునే కూలికి, బస్సు ఛార్జీకి, పనిచేయని బ్యాంకు ఖాతాకు ఖరీదుంది. ఆ ఖరీదును లెక్కలో పెట్టుకునే జవాబులు రాశాం.

మా బాపు సెంట్రింగ్ పని చేస్తడు. టీబీ అని తేలి రెండు నెలలైంది. ఇప్పుడు దగ్గు తగ్గింది, ఆకలైతున్నది. 'బాగైన గద, ఇంక గోళీలెందుకు, పుణెకు పనికి పోత' అంటున్నడు. నెలకు వెయ్యి రూపాయలు పడతయన్నరు, ఒక్క రూపాయి పడలే. ఇంట్ల మూడేండ్ల పిల్ల ఉన్నది. ఆమెకు అంటుతదా?
— ఒక పాఠకురాలు, నారాయణపేట జిల్లా

రెండో నెల చివర చేసే తెమడ పరీక్షలో క్రిములు లేవని తేలి, ఒంట్లో సత్తువ ఉంటే బాపును పనికి పోనివ్వండి. గోళీలు మాత్రం వెంట పంపండి. పని మానమని పట్టుబడితే ఆయన మానేది పని కాదు, మందు.

మొదటి రెండు నెలలు వేసుకున్నది నాలుగు మందులు కలిసిన గోళీ. వేగంగా పెరిగే క్రిములు ఆ దశలోనే చస్తాయి కాబట్టి దగ్గు, జ్వరం తగ్గి మనిషి తేరుకుంటాడు. కదలకుండా దాక్కున్న క్రిములు ఇంకా ఉంటాయి. తర్వాతి నాలుగు నెలల మూడు మందుల గోళీ వాటికోసమే. ఇప్పుడు మానేస్తే రోగం తిరగబెట్టడమే కాదు, మామూలు మందుకు లొంగని టీబీగా మారే ప్రమాదం కూడా ఉంది. దాని వైద్యం మందుల రకాన్ని బట్టి ఆరు నెలల నుంచి ఏడాదిన్నర పైదాకా పట్టవచ్చు, మందులూ ఇంతకంటే కటువైనవి.

వలస పోయేవాళ్లకు ఇందులో ఒక వెసులుబాటుంది. టీబీ రోగి పేరు 'నిక్షయ్' అనే దేశవ్యాప్త జాబితాలోకి ఎక్కుతుంది, ఒక నంబరు వస్తుంది. ఆ నంబరు పుణెలోనూ చెల్లుతుంది. బయల్దేరే ముందు పీహెచ్‌సీలో చెప్పి, అక్కడి సర్కారు ఆసుపత్రికి బదిలీ చేయించండి. చేరి కుదురుకునే దాకా సరిపడా పదిపదిహేను రోజుల గోళీలు అడిగి తీసుకోండి. నంబరును చీటీ మీద రాస్తే పోతుంది, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఎక్కడైనా చిక్కు వస్తే 1800-11-6666కు ఫోన్ చేయొచ్చు, పైసా ఖర్చుండదు. చాలామంది రోగులు మందు ఆపేది ఈ ఊరు మారే వారంలోనే. అక్కడ కొత్త రోగిలా మళ్లీ మొదటి నుంచి నిలబడాలేమోనని భయపడతారు. నంబరుంటే ఆ అవసరం లేదు.

ఇక డబ్బు. పోషణ సాయం 2024 నవంబరు నుంచి నెలకు 500 నుంచి 1,000 రూపాయలకు పెరిగింది. ఆరు నెలల వైద్యానికి దీన్ని 3,000 చొప్పున రెండు దఫాలుగా ఇస్తారు: మొదటిది రోగం తేలినప్పుడు, రెండోది 84 రోజుల మందు పూర్తయ్యాక. ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకున్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది, ఆ డాక్టరు పేరు నమోదు చేయించి ఉండాలి. పడకపోవడానికి కారణం చాలాసార్లు బ్యాంకు దగ్గరే ఉంటుంది. ఏళ్ల తరబడి వాడక జన్‌ధన్ ఖాతా స్తంభించి ఉంటుంది, లేదా ఆధార్‌లో ఒక పేరు, పాస్‌బుక్కులో ఒక పేరు ఉంటుంది. మీ ప్రాంతంలో ఇంకోటి కూడా చూసుకోవాలి: ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. పాత పాస్‌బుక్కు చూసి రాసిన ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌ను ఒకసారి సరిచూసుకోవడం మేలు. టీబీ విభాగంలో సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్ అని ఒకరుంటారు. ఆయన్ని 'డబ్బులెప్పుడు పడతయి' అని అడిగితే 'పడతయి' అనే జవాబే వస్తుంది. 'నిక్షయ్‌లో బాపు బ్యాంకు వివరాలు ధ్రువీకరణ అయ్యాయా, తిరస్కరిస్తే ఏ కారణం చూపిస్తోంది' అని అడగండి. కారణం తెలిస్తే బ్యాంకులో సరిచేయించడం ఒక పూట పని.

ఆ డబ్బు తిండికే పోవాలి. టీబీకి, పేదరికానికి మధ్య వంతెన తిండి కొరతే. జార్ఖండ్‌లో జరిపి 2023లో వెలువరించిన పెద్ద అధ్యయనంలో రోగుల ఇళ్లకు నెలనెలా బియ్యం, పప్పు వంటి సరుకులు అందిస్తే, ఆ ఇళ్లలో మిగతావాళ్లకు టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. మొదటి రెండు నెలల్లో 5 శాతం బరువు పెరిగిన రోగుల్లో చావులు బాగా తక్కువ. టానిక్కు సీసాలు కొనకండి. గుడ్డు, పప్పు, పల్లీలు, పుట్నాలు కొనండి. ప్రతి నెలా తూకం వేయించండి, ఎందుకంటే గోళీల లెక్క బరువును బట్టే ఉంటుంది: 35 నుంచి 49 కిలోల దాకా రోజుకు మూడు, 50 నుంచి 64 దాకా నాలుగు. 45 కిలోలతో మొదలుపెట్టిన మనిషి 51కి పెరిగినా మూడే మింగుతుంటే మందు చాలదు. తూకం మిషన్ ఎక్కించకుండా గోళీలు చేతిలో పెడితే మీరే అడగండి.

మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తే భయం లేదు, అది మందు రంగు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా గోళీలు ఆపి అదే రోజు డాక్టరును కలవండి. పాదాల్లో తిమ్మిర్లు, మంటలుంటే చెప్పండి, బీ6 విటమిన్ ఇస్తారు. చూపు మసకబారినా, రంగులు తేడాగా కనిపించినా చెప్పాల్సిందే. కల్లు, సారా ఈ ఆరు నెలలూ వద్దు, టీబీ మందు, సారా రెండింటి భారమూ కాలేయం మీదే.

పాపను ఇప్పుడే చూపించండి. అయిదేళ్లలోపు పిల్లల్లో టీబీ త్వరగా, తీవ్రంగా వస్తుంది. ఇంట్లో అందరికీ పరీక్ష చేసి, రోగం లేదని తేలినవాళ్లకు రాకుండా ముందు జాగ్రత్త మందు ఇస్తారు. వయసును బట్టి ఆరు నెలలు రోజూ ఒకటి, లేదా వారానికొకసారి చొప్పున 12 వారాలు. 'రోగం లేని పిల్లకు మందెందుకు' అని ఇంటివాళ్లే వద్దంటుంటారు, అక్కడే తప్పు జరుగుతోంది. బాపు కంచం, గ్లాసు వేరు పెట్టాల్సిన పని లేదు. టీబీ గాలి ద్వారా వస్తుంది, ఎంగిలి ద్వారా కాదు. కిటికీ తెరిచి పడుకోండి.

మా అమ్మాయికి 15 ఏళ్లు. రక్తం 8.6 ఉందన్నారు. స్కూల్లో వారం వారం నీలం మాత్ర ఇస్తున్నారు. వికారమని చెప్పి పారేస్తోంది. బీట్‌రూట్ రసం, బెల్లం పెడుతున్నా పెరగలేదు. రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుస్తున్నాయని ఏరేస్తున్నాం. ఇంకేం చేయాలి?
— ఒక తల్లి, పల్నాడు జిల్లా

మొదట ఆ గింజలు ఏరడం ఆపండి. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండికి ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపి గింజ ఆకారంలో చేసి, వంద కిలోల బియ్యంలో కిలో చొప్పున కలిపినవి. రంగు కొంచెం తేడాగా ఉంటాయి, కడిగితే కొన్ని తేలతాయి. ఐరన్ కోసం మీరు వెతుకుతుంటే ఐరన్‌నే చేటలోంచి ఏరి కోళ్లకు వేస్తున్నారు.

నీలం మాత్ర సంగతి చాలామందికి తెలియదు. వారానికొకటి ఇచ్చేది రక్తహీనత రాకుండా. మీ అమ్మాయికి ఇప్పటికే వచ్చేసింది. ఆడపిల్లలకు రక్తంలో హిమోగ్లోబిన్ 12 గ్రాములు ఉండాలి, 8 నుంచి 11లోపు ఉంటే మధ్యస్థం అంటారు. దీనికి కావాల్సింది వైద్యం మోతాదు: 60 మిల్లీగ్రాముల ఐరన్ మాత్రలు రోజుకు రెండు, మూడు నెలల పాటు. ఇది పీహెచ్‌సీ డాక్టరు రాసి ఇవ్వాలి, ఉచితమే. నెల తర్వాత మళ్లీ రక్తపరీక్ష చేయించండి. కనీసం 1 గ్రాము పెరగకపోతే మాత్ర పనిచేయడం లేదని కాదు, కారణం వేరే ఉందని. అప్పుడు పెద్దాసుపత్రికి పంపాలి.

వికారం పోవాలంటే రాత్రి అన్నం తిన్నాక మాత్ర వేసి పడుకోబెట్టండి. ఖాళీ కడుపున ఐరన్ ఎక్కువ ఒంటబడుతుందని పుస్తకాలు చెబుతాయి, నిజమే. మింగకుండా పారేసే మాత్ర అసలే ఒంటబట్టదు కదా. నిమ్మరసమో ఉసిరో తోడుంటే మంచిది. మాత్రకు ముందూ వెనకా గంట పాటు టీ, కాఫీ వద్దు. పాలకూ కాల్షియం మాత్రకూ రెండు గంటల ఎడం ఉండాలి. మలం నల్లగా వస్తుంది, ముందే చెబితే పిల్ల బెదరదు.

బీట్‌రూట్ రంగు చూసి మోసపోవడం మనకు అలవాటు. అందులో ఐరన్ ఏమంత లేదు. బెల్లంలో ఉన్నా, తినే ముక్కకు వచ్చేది చాలా తక్కువ. ఆకుకూరలు తోడ్పడతాయి, కానీ వాటి ఐరన్ కొద్దిగానే ఒంటబడుతుంది. తినే ఇళ్లయితే మేక కార్జం, మాంసం, చేపలు బాగా పనిచేస్తాయి. ఇంట్లో మాంసం వండిన రోజు ముక్కలు ఎవరి కంచంలో పడుతున్నాయో చూసుకోండి.

మాత్రలు సరిగ్గా వేసుకున్నా పెరగకపోతే అడగాల్సినవి మూడు. నెలసరి ఏడు రోజులకు మించి సాగుతోందా, రెండు గంటలకొక ప్యాడ్ తడుస్తోందా? కడుపులో నులిపురుగులు, ముఖ్యంగా చెప్పుల్లేకుండా పొలంలో తిరిగితే పాదాల గుండా ఎక్కే కొంకి పురుగులు ఉన్నాయా? ఏటా ఫిబ్రవరి, ఆగస్టుల్లో బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మానిపించకండి. మూడోది, సికిల్‌సెల్ లేదా తలసీమియా వంటి పుట్టుకతో వచ్చే రక్తదోషం ఉందా? ఉంటే డాక్టరు చెప్పకుండా ఐరన్ వాడకూడదు. గిరిజన కుటుంబాల్లో ఈ పరీక్ష తప్పక చేయించాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం రక్తహీనులని తేలింది. సగానికి పైగా ఉన్నప్పుడు నీరసమే ఆడవాళ్లకు మామూలు అనిపిస్తుంది. అందుకే ఎవరూ రక్తపరీక్ష అడగరు.

మాది కొండ మీద ఊరు, రోడ్డుకు ఆరు కిలోమీటర్లు. మా వదినకు నెలలు నిండుతున్నాయి. ముందే వచ్చి ఆసుపత్రి దగ్గరి వసతి గృహంలో ఉండమని నర్సమ్మ చెబుతోంది. పెద్దోళ్లు ఒప్పుకోవడం లేదు. నొప్పులొచ్చాక డోలీలో మోసుకెళ్లొచ్చు కదా?
— ఒక పాఠకుడు, అల్లూరి సీతారామరాజు జిల్లా

లెక్క వేసి చూడండి. రాత్రిపూట, వానలో, మనుషుల్ని పోగుచేసి డోలీ కట్టి ఆరు కిలోమీటర్లు దిగడానికి రెండు మూడు గంటలు. ఆపైన బండి రావాలి, ఆసుపత్రి చేరాలి. కాన్పు తర్వాత రక్తస్రావం ఆగకపోతే రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చు. డోలీ మోసేవాళ్ల బలం చాలక కాదు, గడియారం చాలక.

పెద్దవాళ్లు మొండిగా వద్దనడం లేదు. వాళ్ల ప్రశ్నలు వేరు: పెద్ద పిల్లను ఎవరు చూస్తారు, తోడు వెళ్లినవాళ్ల కూలి సంగతేంటి, అక్కడ మనకు తిండి ఎవరు పెడతారు, కోసేస్తారేమో. వీటికి ముందే జవాబు చూసుకుంటే ప్రయాణం కుదురుతుంది. పిల్లను వెంట తీసుకురావచ్చా, తోడు మనిషికి భోజనం ఉందా అని నర్సమ్మను ఈ వారమే అడగండి. ఉందంటే ఏ పూట నుంచి అని కూడా అడగండి. సర్కారు ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, రానుపోను బండి అన్నీ ఉచితంగా అందాలని 2011 నుంచి కేంద్ర నియమం ఉంది. మామూలు కాన్పయితే మూడు రోజులు, ఆపరేషన్ అయితే ఏడు రోజులు బాలింతకు భోజనం కూడా.

చెప్పిన తేదీకి రెండు వారాల ముందే దిగండి. వదినకు రక్తం 7 కంటే తక్కువున్నా, బీపీ ఉన్నా, కవలలైనా, ఇంతకుముందు ఆపరేషన్ అయినా ఇంకా ముందే వెళ్లి డాక్టరు చెప్పిన చోట ఉండాలి. తల్లీబిడ్డల కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం, అదే రక్తవర్గం ఉన్న ఇద్దరి ఫోన్ నంబర్లు ఒక సంచిలో పెట్టుకోండి. తేదీ కోసం ఆగకుండా వెంటనే దిగాల్సిన గుర్తులు: రక్తం కనబడటం, ఉమ్మనీరు పోవడం, తలనొప్పితో కళ్లు బైర్లు కమ్మడం, ఫిట్స్, బిడ్డ కదలిక తగ్గడం. అప్పుడు డోలీయే గతి అయితే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఆలోగా ఇంకొకరు ముందుగా సిగ్నల్ ఉన్న చోటికి పరిగెత్తి 108కు చెప్పాలి.

ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ ఉచితమని చేర్చుకున్నారు. తర్వాత స్కానింగ్‌కని, ఇంకేవో సామాన్లకని డబ్బు కట్టించుకున్నారు. రసీదు ఇవ్వలేదు. ఇది సరైనదేనా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

పథకం కింద అనుమతి వచ్చిన ఆపరేషన్‌కు సరైనది కాదు. ప్యాకేజీలోనే పరీక్షలు, మందులు, లోపల పెట్టే పరికరాలు, భోజనం కలిసి ఉంటాయి. పేచీ ఎక్కువగా అనుమతికి ముందు చేసిన పరీక్షల దగ్గర వస్తుంది. మీ రోగానికి ఏ ప్యాకేజీ కింద, ఏ తేదీన అనుమతి వచ్చిందో ఆసుపత్రిలోనే కూర్చునే ఆరోగ్యమిత్రను అడిగి రాసుకోండి. డబ్బు అడిగినవాళ్లను 'దేనికో కాగితం మీద రాసివ్వండి' అనండి. ఆ ఒక్క మాటకే చాలా అడుగుళ్లు ఆగిపోతాయి. కట్టేసి ఉంటే నగదు ఎవరికి, ఎప్పుడు ఇచ్చారో రాసి 104కు ఫిర్యాదు చేయండి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఫోన్‌పేలో కట్టినవాళ్ల దగ్గర రుజువు దానంతటదే ఉంటుంది, ఇక ముందు అలాగే కట్టండి.

తెలంగాణలో కుటుంబానికి పరిమితి 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. పరిమితి పెరిగినా, జాబితాలో లేని చికిత్సకు, నెలనెలా వాడే బీపీ, షుగరు మందులకు ఇది రాదు. పేదింటి జేబు ఎక్కువగా ఖాళీ అయ్యేది ఆ మందుల దుకాణం దగ్గరే. వాటిని పీహెచ్‌సీలోనో, బస్తీ దవాఖానలోనో నెలకు సరిపడా అడిగి తెచ్చుకోండి.

అమ్మకు 72 ఏళ్లు. మాకు తెల్ల కార్డు లేదు. ఏ పథకమూ రాదా? — అనంతపురం

70 నిండినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో మొదలైంది. ఆధార్ ఉంటే చాలు. ఆధార్‌లో పుట్టిన తేదీ సరిగ్గా ఉందో లేదో ముందు చూసుకోండి.

మాది ఉద్దానం. అమ్మకు 48 ఏళ్లు, జీడి పిక్కల పని. క్రియాటినిన్ 1.3 వచ్చింది. 'కొంచెమే ఎక్కువ, పర్వాలేదు' అన్నారు. మూత్రంలో ప్రొటీను లేదు. ఒళ్లు నొప్పులకు రోజూ ఒక మాత్ర వేసుకుంటుంది.
— ఒక పాఠకురాలు, కవిటి మండలం

పర్వాలేదనుకోవద్దు. క్రియాటినిన్ అంటే కండల నుంచి రక్తంలోకి వచ్చే, కిడ్నీలు వడపోయాల్సిన వ్యర్థం. దాని అంకె ఒక్కటే చూస్తే మోసపోతాం. కండ తక్కువున్న ఆడవాళ్లలో అది ఆలస్యంగా పెరుగుతుంది. వయసు, స్త్రీ పురుష భేదం కలిపి కిడ్నీ వడపోతను లెక్క కడితే, ఇదే 1.3 పాతికేళ్ల యువకుడికి సుమారు 78 అవుతుంది, మీ అమ్మకు సుమారు 50. అరవై కంటే తక్కువ మూడు నెలలకు పైగా ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. కాబట్టి మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించి, 'ఈజీఎఫ్ఆర్ ఎంత' అని అడగండి, ఈ వడపోత అంకెకు అదే పేరు. ఉద్దానంలో ఏళ్లుగా ఎంతోమందికి వస్తున్న కిడ్నీ జబ్బులో మొదట్లో మూత్రంలో ప్రొటీను పెద్దగా పోదు, షుగరూ ఉండదు. అందుకే మూత్రపరీక్ష బాగుందని ఊరుకున్నవాళ్లు చివరకు డయాలసిస్ దగ్గర తేలుతున్నారు.

నొప్పి మాత్ర ఈరోజే ఆపండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగకుండా పనిచేసిన రోజు వేసుకుంటే దెబ్బ రెట్టింపు. తప్పనిసరైతే డాక్టరును అడిగి పారాసిటమాల్ వాడండి. ఒంట్లో వాపు లేకపోతే పని మధ్య గంట గంటకూ నీళ్లు తాగించండి.

కారణం నీళ్లేనా అని చాలామంది అడుగుతారు. ఎన్నో పరిశోధనలు జరిగాయి. నీళ్లలోని సిలికా, పురుగుమందులు, ఎండ దెబ్బ, వంశపారంపర్యం అన్నిటి మీదా అనుమానముంది, ఒక్కటీ రుజువు కాలేదు. హిరమండలం జలాశయం నుంచి మంచినీటి పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. అంతకుముందు నిపుణుడి కోసం విశాఖ దాకా పోవాల్సి వచ్చేది. పలాస దగ్గరే కాబట్టి ఈ మూడు నెలల పరీక్షకు సాకు లేదు.

పిల్లాడిని వీధికుక్క చేతి మీద కరిచింది, రక్తం వచ్చింది. పసరు కట్టాం. పీహెచ్‌సీలో ఒక సూది వేసి, ఇంకో సూదికి పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. సూది వేశారు కదా, చాలదా? — నల్లమల నుంచి

చాలదు, ఈరోజే వెళ్లండి. పసరు తీసేసి, పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు పెట్టొద్దు. కుట్లు వేయించొద్దు.

రక్తం వచ్చిన కాటుకు రెండు రకాల మందు కావాలి. మొదటి సూది రేబిస్ (కుక్కకాటు జబ్బు) టీకా, దాని రక్షణ రావడానికి వారం పైనే పడుతుంది. ఆలోగా కాపాడేది రెండోది, గాయం చుట్టూ ఎక్కించే ఇమ్యునోగ్లోబ్యులిన్. అది చాలా పీహెచ్‌సీల్లో ఉండదు, కాబట్టే పంపారు. దాన్ని మొదటి టీకా వేసిన ఏడు రోజుల్లోపే ఇవ్వాలి, తర్వాత ఉపయోగం లేదు. టీకా చర్మంలోకి వేస్తే 0, 3, 7, 28 రోజుల్లో, కండకు వేస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో. మొదటి సూది వేసిన రోజే సున్నా. తర్వాతి తేదీలు చీటీ మీద రాయించుకోండి, అవి మీ ఊరి పీహెచ్‌సీలోనే వేయించుకోవచ్చు. ప్రతిసారీ పట్నం ఎక్కే ఖర్చు తప్పుతుంది.